మా ఊటకు వయసెందుకు రాలేదు?

సారాకు వయసు దానంతటది రాదు. దాన్ని పెట్టుకోడానికి ఒక కొట్టు ఉండాల. కొట్టుకు తాళం ఉండాల. ఆ తాళాన్ని బూటుకాలితో తన్నని సర్కారు ఉండాల. ఈ మూడూ ఉన్నవాడు కాచింది విస్కీ అయ్యింది. పాతికేళ్ళు చీకట్లో పడుకుని, వేలకు వేలు ధర పలుకుతోంది. ఈ మూడూ లేనివాడు కాచింది నాటుసారా అయ్యింది. తెల్లారేలోపు తాగకపోతే మట్టిపాలు, తాగితే కేసు పాలు. తేడా గింజలో లేదు. నీళ్ళలో లేదు. కాచే చేతిలో అంతకన్నా లేదు.

ఈ మాట నేను గాలికి అనడం లేదు. సీలేరు ప్రాజెక్టు క్యాంపులో పుట్టిన మాదిగోడిని నేను. మా కొండ మీద ఊటకుండలు పగలడం కళ్ళారా చూశాను. ఈ మధ్య పట్నంలో ఒక మేడ మీద కూర్చుని పాతికేళ్ళ స్కాచి రుచీ చూశాను. రెండూ చూసినవాడు నోరు మూసుకుంటే ఒకటే చూసినవాళ్ళు తీర్పు చెప్పేస్తారు. ఎప్పుడో చెప్పేశారు కూడా. ఆ తీర్పు ప్రకారం వాళ్ళది అభిరుచి, మాది అలవాటు. వాళ్ళది సంస్కృతి, మాది వ్యసనం.

మా అయ్యది నర్సీపట్నం దిగువన ఒక పల్లె. మాదిగవీధి చివర మా తాతకు లంద ఉండేది. 1960లలో సీలేరు మీద ఆనకట్ట కడుతున్నారని, కూలి డబ్బులు చేతిలోనే పెడతారని విని అయ్య చింతపల్లి ఘాటీ ఎక్కాడు. గుంటవాడ దగ్గర డ్యాము, దిగువన పవర్‌హౌసు. రాళ్ళు కొట్టినోళ్ళలో, కంకర మోసినోళ్ళలో మాలా మాదిగలు, కొండోళ్ళు ఎక్కువ. 1960లు అయిపోయేసరికి కరెంటు పుట్టింది. పుట్టి తీగల మీద దిగువకు పోయింది. ఆ తీగల కింద ఉన్న గూడేల్లో మటుకు ఏళ్ళతరబడి కిరసనాయిలు బుడ్డే.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. మేం కొండవాళ్ళం కాదు. ఆ కొండలు బగతలవి, కొండదొరలవి, కోందులవి. మేం కూలికెళ్ళినవాళ్ళం. వాళ్ళ తరఫున నేను వకాల్తా పుచ్చుకోను. వాళ్ళ నోరు వాళ్ళకుంది. కానీ వాళ్ళ కుండను తన్నిన కాలూ, మా అయ్య చిప్పలోకి పైనుంచి పోసిన చెయ్యీ ఒకే ఒంటివి. అందుకే మాట్లాడుతున్నాను.

పట్నంలో నాతోపాటు పాఠాలు చెప్పిన మిత్రుడొకడున్నాడు. పెద్ద కులం. మనిషి మంచివాడు. కొడుకు లండను నుంచి సీసా తెచ్చాడని నలుగురిని పిలిచాడు. "మాస్టారూ, ఇది గబగబా తాగేది కాదు, నెమ్మదిగా చదువుకునేది" అన్నాడు. చదువుకున్నాం.

సింగిల్ కాస్క్ అంటే ఏంటో తెలియనివాళ్ళకు రెండు ముక్కల్లో చెప్తాను. మామూలు విస్కీలో ఎన్నో పీపాల సరుకు కలుపుతారు. అన్ని సీసాలూ ఒకేలా ఉండాలని. దీంట్లో అలా కలపరు. ఒక్క పీపాలో ఉన్నదే సీసాలకు పోస్తారు. పీపా ఒకటి అయిపోతే ఆ రుచి భూమ్మీద మళ్ళీ పుట్టదు. అందుకే చీటీ మీద పీపా నంబరు, సీసా నంబరు, పీపాలో పోసిన సంవత్సరం, సీసాలోకి దించిన సంవత్సరం రాస్తారు. చాలావాటిల్లో నీళ్ళు కూడా కలపరు. మేం తాగింది పాతికేళ్ళది, యాభై శాతానికి పైన ఘాటు.

అబద్ధం చెప్పను. బాగుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ముందు పొగ. ఎండుకట్టెల పొగ కాదు, వానాకాలం తడిసిన పిడకల పొగ. దాని వెనక ఎండుద్రాక్ష, పాత చెక్కపెట్టె, గాయానికి రాసే అయోడిను. నాలుక మీద వేసుకుంటే కారం. నాలుగు చుక్కలు నీళ్ళు కలిపేసరికి కారం విరిగి తీపి బయటికొచ్చింది. మింగాక కూడా చాలాసేపు గొంతులో నిలబడింది. చేసినవాడి పనితనానికి దండం పెట్టాల్సిందే. పనితనాన్ని తక్కువ చేసే అలవాటు మా వాడలో లేదు. చెప్పు కుట్టినా డప్పు బిగించినా పని పనే.

అప్పుడు మా మిత్రుడు కళ్ళు మూసుకుని "ఆహా, లెదర్" అన్నాడు. పక్కాయన "అవునండీ, పాత తోలు" అన్నాడు. ఇంకొకాయన "తడి గోనె, పశువుల కొట్టం కూడా తగుల్తోంది" అన్నాడు. అందరూ తలలూపారు. మెచ్చుకోలే అది. విస్కీ పుస్తకాల్లో నిజంగానే ఈ మాటలుంటాయి. తోలు, పొగ, తారు, పశువులశాల. మంచి సరుకుకు గుర్తులవి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, కాస్త ఆలోచించండి. తోలు వాసన! మా తాత లంద దగ్గర ఆ వాసన ఉండేది. పచ్చితోలును సున్నంలో నానేసి, వెంట్రుకలు గీకి, తంగేడుచెక్క కషాయంలో వారాల తరబడి ఊరబెట్టేవాడు. అదీ ఊరబెట్టడమే. తొందరపడితే తోలు కుళ్ళిపోద్ది. ఓపికుంటే జీవితకాలం మన్నుద్ది. ఆ ఓపికను ఊళ్ళో ఎవడూ పొగడలేదు. "కంపు నాకొడుకులు" అన్నారు. ఆ వాసన పేరు చెప్పి ఊరిచివరికి నెట్టారు. బావిలో చేద వెయ్యనీలేదు. బళ్ళో మా అయ్యను గుమ్మం బయట కూర్చోబెట్టారు. ఇప్పుడదే వాసన కాచుగ్లాసులోంచి వస్తే కళ్ళు మూసుకుని ఆహా అంటున్నారు. మా ఒంటి మీద పొగ వాసనొస్తే మురికి. వాళ్ళ మందులో పొగ వాసనొస్తే ఘనత. పశువులకొట్టంలో పేడెత్తిన మా యమ్మ పక్కన కూర్చోనివాళ్ళు పశువులకొట్టం వాసనకు డబ్బులు పోస్తున్నారు. వాసనలో ఏ దోషమూ లేదని దీన్నిబట్టే రుజువైపోయింది కదా! అంటరానితనం ముక్కులో పుట్టలేదు. బుర్రలో పుట్టింది.

ఇంకోటి గ్లాసు. విస్కీ రుచి చూడ్డానికి వేరే గ్లాసుంటుంది. అడుగున ఉబ్బి, మూతి దగ్గర సన్నబడుతుంది. వాసన చెదరకుండా ముక్కుకు అందాలని. "గ్లాసు మారితే రుచే మారిపోతుంది మాస్టారూ" అన్నాడు మిత్రుడు. నాకు నవ్వొచ్చింది. గ్లాసు మారితే రుచి మారుద్దని మాకంటే బాగా ఎవరికి తెలుసు? టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి మీద పుట్టినవాళ్ళం మేం. చూరులో దోపిన గ్లాసు మనమే తీసుకుని, మనమే కడుక్కుని, మళ్ళీ చూరులోనే దోపాల. ఆ టీ రుచేంటో ఏ పుస్తకంలోనూ రాయలేదు.

మా అయ్య స్కాచి తాగింది కొబ్బరిచిప్పలో. క్యాంపులో ఒక కంట్రాక్టరు బంగళా ఉండేది. రాత్రిళ్ళు పెద్దోళ్ళు వచ్చి కూచునేవాళ్ళు. అయ్య నీళ్ళు మోసి అరుగు కింద పెట్టాల. అరుగెక్కకూడదు. సభ అయిపోయాక సీసా అడుగున మిగిలింది కంట్రాక్టరు పైనుంచి ఒంచేవాడు. అయ్య కింద చిప్ప పట్టుకోవాల. ఆ చిప్పను అక్కడే జామచెట్టు మొదట్లో బోర్లించి రావాల. ఓ రాత్రి ఇంటికొచ్చి, "ఏటుందే అందులో! పొగాకు కాడ నానేసిన నీళ్ళలాగుంది" అని మా యమ్మతో అన్నాడు. పీటు పొగ పట్టిన స్కాచి మీద నేను విన్నవాటిలో ఇంతకంటే నిక్కమైన మాట లేదు. కళ్ళు మూసుకోకుండా చెప్పాడు, ఆహా అనకుండా చెప్పాడు.

సరే, ఈ విస్కీ ఎలా తయారవుతుంది? బార్లీ గింజల్ని తడిపి మొలకెత్తిస్తారు. ఆరబెట్టేటప్పుడు కొన్నిచోట్ల పీటు కాలుస్తారు. పీటంటే బురదనేలలో వేల ఏళ్ళు కుళ్ళి గట్టిపడిన గడ్డీగాదం. ఆ పొగే సీసాలో దిగేది. గింజను పిండిచేసి వేడినీళ్ళలో కలిపి, ఆ తియ్యటి నీళ్ళను రెండు మూడు రోజులు పులియబెడతారు. అదీ ఊటే. రాగి బానల్లో కాచి, ఆవిరిని చల్లార్చి, రెండోసారి మళ్ళీ కాస్తారు. మొదట దిగిందీ చివర దిగిందీ పక్కనపెట్టి నడిమి ధార పట్టుకుంటారు. దాన్ని ఓక్ చెక్క పీపాలో పోస్తారు.

మా కొండ దిగువన డొంకరాయి, మోతుగూడెం వైపు ఇప్పచెట్లు. ఎండబెట్టిన ఇప్పపూలు కుండలో నానేస్తారు. నాలుగైదు రోజులకు ఊట పొంగుద్ది. పొయ్యి మీద కుండ, దాని మీద కుండ, మూతి చుట్టూ బంకమట్టి మెత్తుడు. పక్కనుంచి వెదురుగొట్టం, గొట్టం చివర చన్నీళ్ళలో పెట్టిన ముంత. మొదట దిగింది ఘాటని వాళ్ళూ వేరే పెడతారు. చివర దిగింది చప్పనని వాళ్ళూ వదిలేస్తారు. నడిమిధార సంగతి స్కాట్లండువాడు నేర్పలేదు వాళ్ళకి. రాగి బదులు మట్టి, బార్లీ బదులు పువ్వు. ఇంతవరకూ రెండూ అన్నదమ్ములే. పీపా దగ్గరే దారి చీలింది.

పీపా దగ్గర ఏం జరిగిందో చూడండి. స్కాట్లండులో 18వ శతాబ్దమంతా కొండరైతులు దొంగసారా కాచినవాళ్ళే. లోయల్లో, గుహల్లో బట్టీలు. పన్నుల అధికారి వస్తున్నాడంటే పిల్లలు పరిగెత్తుకెళ్ళి కబురు చెప్పేవాళ్ళు. వాళ్ళ మహాకవి రాబర్ట్ బర్న్స్ 1789 నుంచి ఆ పన్నుల శాఖలోనే ఉద్యోగం చేశాడు. సారానూ పొగిడాడు, సారా పట్టుకునే కొలువూ చేశాడు. 1822 ఆగస్టులో నాలుగో జార్జి రాజు ఎడింబరో వచ్చాడు. వచ్చి గ్లెన్‌లివెట్ విస్కీయే కావాలన్నాడు. అప్పటికది దొంగసరుకు! రాజుగారు అడిగితే నేరం మర్యాద అయిపోయింది. మరుసటేడు 1823లో చట్టం మార్చారు. లైసెన్సు రుసుం పది పౌన్లు చేసి, పన్ను తగ్గించి, "దాక్కోకండి, బయటికొచ్చి కాచుకోండి" అన్నారు. 1824లో గ్లెన్‌లివెట్ లోయలో జార్జి స్మిత్ అనే రైతు లైసెన్సు తీసుకున్నాడు. దొంగసారా వ్యాపారం నేటి స్కాచి అయ్యింది.

ఆ తర్వాత సర్కారు ఇంకా ముందుకెళ్ళింది. 1915లో చట్టం చేసింది. పీపాలో రెండేళ్ళు ఉండని విస్కీ అమ్మకూడదని. మరుసటేడు దాన్ని మూడేళ్ళు చేసింది. ఇప్పటికీ మూడేళ్ళు నిండనిది స్కాచి కాదు. అంటే వయసు రావడం అక్కడ చట్టం! పీపాలున్న గోదాముకు చాలాకాలం రెండు తాళాలుండేవి. ఒకటి కాచినవాడిది, ఒకటి పన్నుల అధికారిది. ఇద్దరూ వస్తేనే తలుపు తెరుచుకునేది. సరుకు గోదాములో ఉన్నంతకాలం పన్ను కట్టక్కర్లేదు. ఏటా రెండు శాతం దాకా చెక్క సందుల్లోంచి ఆవిరై పోతుంది. పాతికేళ్ళకు మూడోవంతుకు పైనే పోతుంది. దానికి ముద్దుపేరు దేవదూతల వాటా. ఎక్సైజు అధికారి ఆ పీపాలకు కాపలాదారు.

ఇదే తెల్లదొరలు, ఇదే ఎక్సైజు, మన కొండల్లో ఏం చేశారు? స్కాట్లండులో ఆ చట్టం మారే నాటికి మద్రాసు గవర్నరుగా ఉన్న థామస్ మన్రో గ్లాస్గోలో పుట్టిన స్కాట్లండువాడే. ఆయన పోయాక యాభై ఏళ్ళకు, 1879లో రంప కొండలు భగ్గుమన్నాయి. ఆ పితూరీకి కారణాల్లో పెద్దది కల్లు. కొండవాడు తన చెట్టు తాను గీసుకుని తన ఇంట్లో తాగడాన్ని ఆపి, కల్లు హక్కును కంట్రాక్టర్లకు పాడేశారు. చిగురు పన్ను అన్నారు. చెట్టు చిగురు మీద పన్ను! పితూరీ గొలుగొండ కొండలదాకా పాకింది. అణచడానికి పటాలాలు దిగాయి. కొండవాడికి లైసెన్సు ఇచ్చి బయటికి రమ్మనలేదు. 1886లో మద్రాసు ఆబ్కారీ చట్టం తెచ్చి ముడి ఇంకా బిగించారు.

1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దండు చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. లెక్క చూడండి. సరిగ్గా వందేళ్ళ క్రితం అదే వారంలో నాలుగో జార్జి ఎడింబరోలో విందులు చేస్తున్నాడు. అక్కడి కొండ సారాకు రాచమర్యాద దొరికి వందేళ్ళు నిండేసరికి ఇక్కడి కొండవాడు చెట్టుకూ అడవికీ హక్కు కోసం తుపాకులు ఎత్తుకోవాల్సొచ్చింది. రాజు తాగుడు మానమన్నాడు గదా అంటారు. మానమన్నాడు. కోర్టులకు పోవద్దని, పంచాయతీలే పెట్టుకోమనీ అన్నాడు. సొంతమనిషి చెప్పాడు, విన్నారు. పరాయివాడి జీపు చెప్పడం వేరు.

ఆ జీపు ఎలా చెప్పుద్దో నాకు తెలుసు. నాకు పదేళ్ళుంటాయేమో. క్యాంపు పైన మెట్ట మీద ఒక గూడెం. అక్కడొక ముసలావిడను మేం పెద్దమ్మా అని పిలిచేవాళ్ళం. మనవరాలి పెళ్ళికి ఊట వేసింది. తెల్లారుజామున ఖాకీ జీపొచ్చింది. ఏ శాఖదన్నది నాకప్పుడు తెలీదు, ఇప్పుడు చెప్పక్కర్లేదు. కుండలు తన్నారు. ఊట నేలంతా పారింది. కోళ్ళు తాగి తూలుతుంటే నవ్వుకున్నారు. రెండు ముంతలు మాత్రం పగలగొట్టలేదు. "సాక్ష్యం" అని జీపులో పెట్టుకున్నారు. ఆ రాత్రి జీపు కంట్రాక్టరు బంగళా ముందాగింది. సాక్ష్యం కడుపుల్లోకి పోయింది. స్కాట్లండులో దేవదూతలు ఏడాదికి రెండు శాతంతో సరిపెట్టుకుంటారు. మా దేవదూతలకు నూటికి నూరూ కావాల. పెద్దమ్మ కొడుకు కొండ దిగి కోర్టుచుట్టూ తిరిగి తిరిగి మేకల్ని అమ్ముకున్నాడు. పెళ్ళి మరో ఏడాదికి గానీ కాలేదు.

కొండ సారాకు నిలవుండే గుణం లేదని వాదించే పెద్దలున్నారు. ఎప్పుడు నిలవుంచనిచ్చారని! వేడిదేశంలో పీపా సారా పనికిరాదని కూడా అనేవాళ్ళు. బెంగళూరులో కాచిన అమృత్ సింగిల్ మాల్టును 2004లో గ్లాస్గోలోనే అమ్మకానికి పెట్టారు. ఇక్కడి వేడికి ఆవిరి ఎక్కువ పోతుంది, రుచి బేగి పండుతుంది. ఆ వాదన అక్కడితో చచ్చిపోయింది. పెట్టుబడీ లైసెన్సూ ఉన్నవాడికి ఎండ కూడా చుట్టమే.

అసలు వయసు అనేది పీపాలోనే ఉండాలని ఎవడు రాశాడు? మా సీలేరు, ధారకొండ వైపు జీలుగుచెట్టును చూడండి. పదేళ్ళు దాటి పెరిగితే గానీ గెల వెయ్యదు. మొదటి గెల తలదగ్గర వేస్తుంది. తర్వాత ఏటికేడు కిందికి దిగుతూ వేస్తుంది. ఆఖరి గెలతో చెట్టు చచ్చిపోద్ది. అడ్డకొమ్ములున్న ఒంటివెదురును నిచ్చెనగా వేసుకుని పైకెక్కి గెల కోసి కుండ కట్టాలంటే గుండె ఉండాల. తెల్లారిన కల్లు తీపి, మధ్యాన్నం కల్లు పులుపు. ఏ చెట్టు కల్లు ఎలా ఉంటుందో గూడెంలో అందరికీ తెలుసు. "ఫలానావాళ్ళ గెడ్డకాడి చెట్టుది" అని రుచిచూసి చెప్పేవాళ్ళున్నారు. చెట్టు చచ్చిపోతే ఆ రుచి మళ్ళీ పుట్టదు. సింగిల్ కాస్క్ అంటే ఇంతకుమించి ఏముంది? దానికి చీటీ లేదు, నంబరు లేదు, అంతే. అక్కడ చెక్క సారాకు వయసిస్తే, ఇక్కడ చెట్టు తన వయసే కల్లులో పోసి చస్తోంది.

ఇక మనవాళ్ళ ప్రశ్న. "సారా మన కొంపలు కూల్చలేదా?" కూల్చింది. ఆ మాట అనే హక్కు ఆడవాళ్ళకుంది, వాళ్ళే అన్నారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో లేచిన ఆడవాళ్ళు కొట్టింది ఏ సారాను? పెళ్ళికి కాచుకున్న ఊటను కాదు. వేలంపాటలో కంట్రాక్టరు కొనుక్కుని ఊరూరా దించిన సారాను. అంతకుముందు 1980లలో సర్కారే "వారుణి వాహిని" అని ముద్దుపేరు పెట్టి ప్యాకెట్లలో పోసి పంపింది. కూలిడబ్బులు కొంపకు చేరకముందే ప్యాకెట్టు ఎదురొచ్చేది. ఆ ఆడవాళ్ళ దెబ్బకు 1993 అక్టోబరు 1 నుంచి సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి మొత్తం మద్యమే నిషేధమన్నారు. ఏటి అవతల ఒరిస్సాలో నిషేధం లేదు. 1997లో ఇక్కడా ఎత్తేశారు. ఖజానా ఎండిపోతోందన్నారు. 2024 అక్టోబరు నుంచి ఆంధ్రాలో మళ్ళీ ప్రైవేటు షాపులు, 99 రూపాయల క్వార్టరు. మన కూలోడి కోసమట ఆ ధర! ఆ క్వార్టరు తాగి ఏ కొంపయినా కూలితే దాని లెక్క ఏ ఖజానాలో రాస్తారు? ఆడవాళ్ళు ఒకటి అడిగితే పాలకులు ఇంకొకటి ఇచ్చారు. షాపు మూయమంటే కుండ పగలగొట్టారు. షాపు మాత్రం పేరు మార్చుకుని తెరుచుకుంది.

అంబేద్కర్ తాగలేదు. 1956లో నాగపూర్‌లో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేది ఒకటి. దాన్ని పాటించే కుర్రాళ్ళను చూస్తే నాకు గౌరవం. కానీ ప్రతిజ్ఞ ఎవడికి వాడు తీసుకునేది. ఇంకొకడి కుండ మీద లాఠీతో తీసుకునేది ప్రతిజ్ఞ కాదు, పెత్తనం. తాగాలా వద్దా అన్నది మన వాడలో మనం తేల్చుకుంటాం, మన ఆడవాళ్ళ మాట ముందు పెట్టి తేల్చుకుంటాం. ఎవడు కాచింది మర్యాద, ఎవడు కాచింది నేరం అన్నది మటుకు కుల ప్రశ్న. దాన్ని నీతిప్రశ్నగా మార్చి మన నోరు మూయించడం పాత ఎత్తు.

ఇప్పుడు కొత్త ఎత్తు వస్తోంది. 2025 జూలైలో బ్రిటనుతో సంతకమైన వాణిజ్య ఒప్పందంలో స్కాచి మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి ముందు 75కు, పదేళ్ళలో 40కి దించుతామని రాశారు. ఐదువేల మైళ్ళ అవతల కొండ సారాకు దారి సుళువు చేస్తున్నారు. మరోపక్క మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మనిస్తామని ప్రకటించింది. మంచిదే. కానీ మనం కళ్ళు తెరుచుకుని ఉండాల. రేపు సీలేరులోనూ వారసత్వం అంటారు. అందమైన సీసా వస్తుంది. సీసా మీద సిగలో పువ్వు పెట్టుకున్న కోందు పిల్ల బొమ్మ ఉంటుంది. పూలు ఏరేది ఆ పిల్లే, కిలోకింత అని. పీపా, తాళం, లైసెన్సు దిగువోళ్ళవి. పట్నంలో ఎవడో కళ్ళు మూసుకుని "ఆహా, అడవి" అంటాడు. బొమ్మకు వాటా ఉండదు.

అందుకే అడగాల్సింది సూటిగా అడగాల. కొత్త హక్కులేం అక్కర్లేదు, రాసిపెట్టినవి చాలు. గిరిజనులు ఇంటి వాడకానికి తమ పానీయాలు కాచుకోనివ్వాలని, వాళ్ళ ఊళ్ళలో వ్యాపార మద్యం అమ్మకాలు ఆపాలని కేంద్రమే 1975లో రాష్ట్రాలకు మార్గదర్శకాలిచ్చింది. జరిగింది తలకిందులు. 1996 పెసా చట్టం మత్తుపానీయాల మీద నిషేధమా, నియంత్రణా అన్నది తేల్చే అధికారం గ్రామసభకూ పంచాయతీకీ ఉండాలంది. అడవి ఫలసాయం మీద సొంతహక్కూ ఉండాలంది. 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదంది. భూమికి చెల్లనిది ఆ భూమి మీద పూసిన పువ్వుకు ఎలా చెల్లుద్ది?

పెళ్ళికీ, చావుకీ, పండక్కీ కాచుకునే ఊట మీద కేసులు పోవాల. గూడెం ఆడవాళ్ళు వద్దన్న షాపు మూతపడాల. వద్దన్నది వాళ్ళే అయితే ఊట కూడా ఆగాల. ఆ మాట చెప్పేది గ్రామసభ కావాల గానీ జీపు కాకూడదు. రేపెప్పుడైనా ఇప్పసారాను పీపాల్లో పోసి పాతికేళ్ళు పడుకోబెట్టే రోజొస్తే, గోదాము గూడెంలోనే కట్టాల. తాళంచెవి పువ్వు ఏరినవాళ్ళ మొలతాడుకే వేలాడాల.